చెప్పినా వినని ఊరితో పని: డెంగీ, విరేచనాల కాలంలో అలవాట్లు మార్చే మార్గదర్శి

"ఇంటింటికీ తిరిగి చెప్పాం, మైకులో చెప్పాం, కరపత్రాలు పంచాం. అయినా తొట్లలో నీళ్లు అలాగే ఉన్నాయి. ఇంకేం చేయాలి?" వానాకాలం మొదలైతే చాలు, నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఆశా కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు, మహిళా సంఘాల లీడర్లు అడిగే ప్రశ్న ఇదే.

డెంగీ దోమ కుడితే వస్తుందని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. చాలా ఇళ్లలో సమాచారానికి కొదవ లేదు. తెలిసిన పని ఎందుకు జరగడం లేదో కనుక్కుని, ఆ అడ్డుకు సరిపోయే ఉపాయం వాడాలి. ప్రవర్తన మార్పు సిద్ధాంతాలు అక్కరకొచ్చేది ఇక్కడే. వాటిని పరీక్షకు చదివినట్టు చదవనక్కర్లేదు. ఏ అడ్డుకు ఏది పనిచేస్తుందో తెలిస్తే చాలు.

ఈ మార్గదర్శిలో ప్రధాన ఉదాహరణ డెంగీ. చివర్లో విరేచనాలకు ఇదే పద్ధతిని ఎలా వాడాలో చెప్పాను. కావలసింది ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక నోటుబుక్కు, ఒక టార్చిలైటు, రెండు వారాల ఓపిక.

## 1. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి

"పరిసరాల పరిశుభ్రత పాటించండి" అంటే విన్నవాళ్లు తలూపుతారు. ఇంటికి వెళ్లాక ఏం చేయాలో మాత్రం వాళ్లకు తెలియదు. మీరు అడిగే పని ఎవరు చేయాలి, దేనికి చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎన్నాళ్లకోసారి చేయాలి అన్నవన్నీ ఒకే వాక్యంలో తేలాలి. ఉదాహరణకు:

"ఇంట్లో నీళ్లు పట్టేవాళ్లు ప్రతి శుక్రవారం నల్లా వచ్చే ముందు వాడకపు తొట్టి ఖాళీ చేసి, లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్ది కడిగి, కొత్త నీళ్లు పట్టి, గుడ్డ కట్టాలి."

ఇందులో ప్రతి మాటకూ ఒక కారణం ఉంది.

వారానికోసారి ఎందుకంటే, మన వాతావరణంలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ లోపే గొలుసు తెగాలి.

రుద్దడం ఎందుకంటే, ఈ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన తొట్టి గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోసినంత మాత్రాన అవి పోవు. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అన్ని ఊళ్లలోనూ ఎక్కువగా తప్పిపోయేది ఈ రుద్దడమే. "కడిగాం" అన్నవాళ్లలో చాలామంది నీళ్లు ఒంపి, ఒక చెంబు నీళ్లు చల్లి ఊరుకున్నవాళ్లే.

శుక్రవారమే ఎందుకంటే, తెలంగాణలో శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్లు తీసేసి తొట్లు కడిగే రోజు) మాట ఇప్పటికే ఊళ్లలో నలిగింది. ఉన్నదాన్ని వదిలి కొత్త రోజు కనిపెట్టకండి.

ఏ పనిని ఎంచుకోవాలన్న సందేహం వస్తే ఈ మూడూ చూడండి:

☐ ఇది జరిగితే జబ్బు నిజంగా తగ్గుతుందా?
☐ సగటు కూలి కుటుంబం అదనపు ఖర్చు లేకుండా చేయగలదా?
☐ జరిగిందో లేదో కంటితో చూసి చెప్పగలమా?

మూడింటికీ అవునంటేనే మొదలుపెట్టండి. దోమతెర, నిండు చేతుల చొక్కా, వేపాకు పొగ, కాలువ పూడిక అన్నీ ఒకే రోజు చెప్పే అలవాటు మానుకోండి. పది చెబితే పదీ పోతాయి.

## 2. అడగక ముందు చూడండి

మొదటి రెండు రోజులు ఎవరికీ ఏమీ బోధించకండి. ఊళ్లోని అన్ని వాడల నుంచీ కలిపి ఒక యాభై ఇళ్లు ఎంచుకుని టార్చితో చూడండి. బజారు మీది ఇళ్లే చూసి రావడం తేలిక, కానీ లెక్క తప్పుతుంది. ఎస్సీ కాలనీ, తండా, ఊరి చివర కొత్తగా కడుతున్న ఇళ్లు తప్పకుండా ఉండాలి.

ఎక్కడెక్కడ చూడాలి:

☐ సిమెంటు తొట్టి, గోళెం, ప్లాస్టిక్ డ్రమ్ము, సంపు
☐ పశువుల కుడితి తొట్టి, కోళ్లకు నీళ్లు పోసే చిప్ప
☐ ఫ్రిజ్ వెనక నీళ్లు దిగే పళ్లెం, వాడకం ఆపేసిన కూలర్
☐ పాత టైర్లు, పారేసిన కల్లు కుండలు, కొబ్బరి చిప్పలు
☐ కడుతున్న ఇంటి దగ్గర క్యూరింగ్ నీళ్లు, తెరిచి ఉన్న డ్రమ్ములు

టార్చిని నేరుగా నీళ్ల మీదికి కొట్టి అర నిమిషం ఆగండి. వెలుగు పడగానే లార్వాలు (నీళ్లలో ఉండే దోమ పిల్ల పురుగులు) మెలికలు తిరుగుతూ కిందికి జారిపోతాయి. కదలకుండా ఉంటే మళ్లీ పైకి తేలతాయి. తొందరపడి చూసేవాళ్లకు ఖాళీ తొట్టిలాగే కనిపిస్తుంది.

నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పగలు వెళితే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. సాయంత్రం ఆరు తర్వాతో, తెల్లవారుజామునో వెళ్లండి. తాళం వేసిన ఇళ్లు రాసుకుని మళ్లీ రండి. వలస వెళ్లిన కుటుంబాల ఇళ్లలో వదిలేసిన తొట్లు పాలమూరు వైపు పెద్ద సమస్య.

చూశాక మాట కలపండి. "ఎందుకు కడగడం లేదు?" అని మాత్రం అడగకండి. అది నిలదీసినట్టు ఉంటుంది, వెంటనే సాకు వస్తుంది. పోయినసారి జరిగిన సంగతి అడగండి:

"అక్కా, ఈ గోళెం పోయినసారి ఎప్పుడు కడిగారు?"

"బోనాలప్పుడు కడిగినట్టు గుర్తు."

"ఆ రోజు ఎవరు కడిగారు?"

"మా చిన్నవాడు. నాకు నడుము నొప్పి, అంత లోతుకు వంగలేను."

చూడండి, ఈ ఇంటికి డెంగీ గురించి ఎంత చెప్పినా లాభం లేదు. కావలసింది పొడుగు కర్రకు కట్టిన పీచు, ఆ చిన్నవాడితో ఒక మాట. ఇలాంటి జవాబులను మీ మాటల్లోకి మార్చకుండా, వాళ్లు అన్నది అన్నట్టే నోటుబుక్కులో రాసుకోండి. మూడో అడుగులో అవే ముడిసరుకు. పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడితే ముందు ఎవరిని అడుగుతారో కూడా కనుక్కుని రాసుకోండి, ఆరో అడుగులో పనికొస్తుంది.

## 3. అడ్డు ఎక్కడుందో తేల్చండి

ఇక్కడ మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ మిచీ బృందం 2011లో ప్రతిపాదించిన కామ్-బి (COM-B) నమూనా చాలా ఉపయోగపడుతుంది. ఒక పని జరగాలంటే మూడు ఉండాలంటుంది అది: చేయగల శక్తి, చేయడానికి వీలు, చేయాలన్న ప్రేరణ. మూడింటిలో ఒకటి లేకపోయినా పని జరగదు. మన ప్రచారమంతా మూడోదాని మీదే నడుస్తుంది. అసలు చిక్కు తరచుగా రెండోదాని దగ్గర ఉంటుంది.

నోటుబుక్కులోని జవాబులను ఇలా విడదీయండి:

"మా ఇంట్లో దోమలే లేవు." తమకు ముప్పు ఉందని అనుకోవడం లేదు. ఆరోగ్య విశ్వాస నమూనా అనే మరో సిద్ధాంతం దీన్ని ముప్పు అవగాహన అంటుంది. వాళ్ల తొట్టిలోని లార్వాలనే గాజు గ్లాసులో తీసి చూపించండి. పక్క మండలంలో ఎంతమందికి వచ్చిందన్న లెక్క కంటే ఆ గ్లాసు ఎక్కువ పనిచేస్తుంది.

"జ్వరాలు ప్రతి ఏడూ ఉండేవే." తీవ్రత తక్కువగా అనిపిస్తోంది. భయం కాస్త అవసరమే, కానీ కొలతతో. దాని సంగతి ఐదో అడుగులో.

"నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. పారబోసి ఏం చేయమంటారు?" ఇది వీలు లేకపోవడం. దీనికి పోస్టరు అతికించడం దండగ. నాలుగో అడుగు చూడండి.

"మేమొక్కళ్లం కడిగితే సరిపోతుందా? పక్కింట్లో గుంట ఉంది." నలుగురూ కలిస్తే ఫలితం ఉంటుందన్న నమ్మకం లేదు. నిజానికి ఈ మాటలో తప్పేమీ లేదు. ఈ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి ఎగరదు కాబట్టి, ఒక వాడ మొత్తం కలిసి కడిగితే ఆ వాడకే ఫలం దక్కుతుంది. అందుకే ఇల్లిల్లూ విడిగా పట్టుకోకుండా వాడను ఒక జట్టుగా తీసుకోండి.

"మా అత్తమ్మ ఒప్పుకోదు, పండుగ నీళ్లు పారబోయొద్దంటుంది." మనస్తత్వ శాస్త్రవేత్త ఐజెక్ ఐజెన్ చెప్పిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతంలో దీన్ని దగ్గరివాళ్ల ఒత్తిడి కింద లెక్కిస్తారు. మాట్లాడవలసింది కోడలితో కాదు, అత్తమ్మతో.

"కడుగుదామనే అనుకుంటాం, పనుల్లో పడి మరచిపోతాం." మనసుంది, జ్ఞాపకం లేదు. ఏడో అడుగు దీని కోసమే.

జవాబులను లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన రెండు అడ్డులనే ముందు పట్టుకోండి. సాధారణంగా మనం ఊహించిన అడ్డు ఒకటి, నోటుబుక్కులో తేలేది మరొకటి. నోటుబుక్కునే నమ్మండి.

## 4. ముందు వీలు కల్పించండి, తర్వాతే బోధ

మాటల కంటే ముందు ఇది జరగాలని గట్టిగా చెబుతాను. వీలు లేని చోట బోధ చేస్తే ఊరికి మీ మీద నమ్మకం పోతుంది.

నీటి వేళ. మన ప్రాంతంలో నీళ్లు దాచుకోవడం అవసరం నేర్పిన అలవాటు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన తరాలను చూసినవాళ్లు, మిషన్ భగీరథ నల్లా వచ్చినప్పుడు ఉన్న పాత్రలన్నీ నింపుకుంటారు. వాళ్లను "పారబోయండి" అనడం అన్యాయం. పంచాయతీ కార్యదర్శితో, నీళ్లు వదిలే వాటర్‌మ్యాన్‌తో కూర్చుని, శుక్రవారం ఉదయం తప్పకుండా నీళ్లు వదిలేలా మాట తీసుకోండి. గురువారం సాయంత్రం తొట్టి నీళ్లు బట్టలకు, పశువులకు, పెరటి చెట్లకు వాడేయమని చెప్పండి. అప్పుడు పారబోయవలసినవి అడుగున బిందెడే మిగులుతాయి.

మూత. రెండు మడతలు వేసిన పాత చీర, చుట్టూ బిగించడానికి పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ చాలు. గుడ్డ నీళ్లలోకి వేలాడితే దోమ దాని మీదే వాలి గుడ్లు పెడుతుంది, అందుకని బిగువుగా కట్టాలి. సగం తెరిచిన రేకు మూత కంటే ఇది మేలు.

చెత్త. పల్లె ప్రగతి నాటి నుంచి పంచాయతీలకు ట్రాక్టరు ఉంది. టైర్లు, పగిలిన కుండలు తీసుకెళ్లడానికి ఒక పూట కేటాయించి, ఆ పూటను ముందే చాటింపు వేయించండి. ఇంటి వెనక ఉన్నదాన్ని ఎక్కడ పడేయాలో తెలియక చాలామంది ఊరుకుంటారు.

ఖాళీ చేయలేని సంపులు, బావులు. వీటిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) సిబ్బందికి అప్పగించండి. లార్వాలను చంపే మందు మోతాదు వాళ్లకు తెలుసు. లార్వాలను తినే గంబూసియా చేపలు వదలవలసిన చోటు కూడా వాళ్లే చెబుతారు.

చేయగలనన్న నమ్మకం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977 నుంచి చెబుతూ వచ్చిన స్వీయ సామర్థ్య నమ్మకం ఇదే. అది ఉపన్యాసంతో రాదు. తన చేతులతో ఒకసారి చేసినప్పుడు వస్తుంది, తనలాంటి మనిషి చేయగా చూసినప్పుడు కొంత వస్తుంది. కాబట్టి వాడకట్టు మధ్యలో ఒక తొట్టి దగ్గర పదిమందిని నిలబెట్టి, మీరు సగం రుద్ది, మిగతా సగం వాళ్ల చేత రుద్దించండి. పీచుకు అంటిన నల్లటి చుక్కల్లాంటి గుడ్లను తెల్ల గుడ్డ మీద దులిపి చూపించండి. పది నిమిషాల పని. కరపత్రానికి పెట్టే ఖర్చు కూడా ఉండదు.

## 5. భయాన్ని కొలిచి వాడండి

భయపెడితే జనం కదులుతారన్నది సగం నిజం. ప్రచార సందేశాలపై పరిశోధన చేసిన కిమ్ విట్ 1992లో వివరించిన విస్తృత సమాంతర ప్రక్రియ నమూనా చెప్పేది ఇదీ: ముప్పు పెద్దదని తెలిసి, దాన్ని ఎదుర్కొనే పని తన చేతిలో ఉందని అనిపిస్తే మనిషి ముప్పును అదుపు చేస్తాడు. ముప్పు పెద్దదే కానీ చేసేదేమీ లేదనిపిస్తే, తన భయాన్ని మాత్రమే అదుపు చేసుకుంటాడు. అంటే వినడం మానేస్తాడు, కొట్టిపారేస్తాడు, "అంతా దేవుడి దయ" అంటాడు.

పనికిరాని సందేశం: "డెంగీ ప్రాణాంతకం! మన మండలంలో విజృంభిస్తోంది! జాగ్రత్త!"

పనికొచ్చే సందేశం: "మన వాడలో ఇద్దరికి డెంగీ వచ్చింది. ఈ దోమ పగలు కుడుతుంది, మన తొట్లలోనే పుడుతుంది. ఈ శుక్రవారం ఏడింటికి నీళ్లు వస్తాయి. ఆరున్నరకు తొట్టి రుద్ది కడగండి. చేతకాకపోతే మాకు చెప్పండి, వచ్చి సాయం చేస్తాం."

ప్రతి భయపు వాక్యం పక్కన కనీసం ఒక పని వాక్యం ఉండాలి. రాసుకుని లెక్కపెట్టి చూసుకోండి.

జ్వరం వచ్చిన ఇంటికి చెప్పే మాటలో మరింత జాగ్రత్త కావాలి. ఇక్కడ చెప్పవలసినవి నాలుగే:

☐ జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరగవచ్చు.
☐ నీళ్లు, ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి మాటిమాటికీ తాగాలి.
☐ జ్వరం ఉన్న మనిషి పగలు కూడా దోమతెరలో పడుకోవాలి, లేకపోతే ఆయనను కుట్టిన దోమ ఇంట్లో మిగతావాళ్లకు అంటిస్తుంది.
☐ కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో లేదా ముక్కులో రక్తం, విపరీతమైన నీరసం, మగత కనిపిస్తే వెంటనే 108.

నాలుగో దానితోపాటు ఒక మాట విడమరిచి చెప్పండి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గుముఖం పట్టాక ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. "జ్వరం తగ్గింది కదా" అని వరి నాటుకు పంపేసిన సందర్భాలు అందుకే ప్రాణం మీదికి వస్తాయి.

సూది మాట ఎత్తగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ గుర్తొస్తాడు. ఆయనను పక్కన పెట్టి పనిచేయాలని చూడకండి. రాత్రి పదింటికి జ్వరం వస్తే తలుపు తీసేది ఆయనే. ముందే వెళ్లి కూర్చుని, పీహెచ్‌సీ వైద్యుడి చేత మాట్లాడించి, "అనుమానం ఉంటే నొప్పి సూది వేయకుండా పరీక్షకు పంపుతాను" అన్న మాట తీసుకోండి.

రోగి ఇంటి పేరు మైకులో చదవడం, ఆ ఇంటికి గుర్తు పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకసారి అలా జరిగితే తర్వాతి జ్వరాలు దాక్కుంటాయి.

## 6. ఎవరి నోటితో చెప్పించాలి

ఒకే మాట ఒకరు చెబితే చెల్లుతుంది, ఇంకొకరు చెబితే చెల్లదు. నోటుబుక్కు తిరగేసి, "పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడితే ముందు ఎవరిని అడుగుతారు?" అన్న ప్రశ్నకు ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. సర్పంచ్ పేరు అరుదుగా వస్తుంది. అంగన్‌వాడీ టీచరు, సంఘం లీడరు, మందుల షాపతను, పెద్ద వయసు మంత్రసాని లాంటివాళ్లు వస్తారు. వాళ్లే మీ ప్రచారకులు.

తండాల్లో నాయక్‌తోపాటు ఆడవాళ్లలో పెద్దను కలవండి. అక్కడ మాట లంబాడీలో సాగితేనే ఇంట్లోకి వెళుతుంది. తీజ్ రోజుల్లో అందరూ ఒకచోట చేరతారు, ఆ సాయంత్రాలు వదులుకోవద్దు. అమ్రాబాద్, మన్ననూరు అడవిలోని చెంచు పెంటల్లో (చెంచుల చిన్న గూడేల్లో) సిమెంటు తొట్టి సందేశమే కుదరదు. అక్కడ మలేరియా, తాగునీరు వేరే సంగతులు, మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మక్తల్, నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం తెలిసినవాళ్లు ఒకరు జట్టులో ఉండాలి.

ఇక నలుగురి నడత. మనిషి తన చుట్టుపక్కలవాళ్లు ఏం చేస్తున్నారో చూసి నడుస్తాడు. కాబట్టి "మన ఊళ్లో ఎవరూ తొట్లు కడగడం లేదు" అని మైకులో అనడం అంటే, కడగకపోవడమే ఇక్కడ రివాజని చాటింపు వేయడమే. కోపం ఎంత వచ్చినా ఆ వాక్యం నోటి నుంచి రానీయకండి. "ఈ వారం మూడో వార్డులో ముప్పై ఒక్క ఇళ్లు కడిగాయి" అని నిజమైన లెక్క చెప్పండి. లెక్క తక్కువగా ఉంటే "పోయిన వారం కంటే పెరిగాయి" అనండి. అదీ లేకపోతే లెక్క ఎత్తకండి. అబద్ధపు అంకె మాత్రం వద్దు, ఊళ్లో అది రెండు రోజుల్లో బయటపడుతుంది.

కడిగిన ప్రతిసారీ తొట్టి మీద సుద్దతో తేదీ వేయించండి. ఇంటివాళ్లకు గుర్తు, పక్కింటివాళ్లకు పోటీ, మీకు లెక్క. బడి పిల్లలకు ఈ తేదీ వేసే పని ఇవ్వవచ్చు. పెద్దవాళ్లకు నీతులు చెప్పే పని మాత్రం పిల్లలకు అప్పగించకండి. తాత చిన్నబుచ్చుకుంటే పని చెడుతుంది.

## 7. మరచిపోయేవాళ్లకు "అప్పుడు, ఇలా" మాట

మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో అమలు సంకల్పాల గురించి రాశాడు. "చేస్తాను" అనే ఉద్దేశం కంటే "ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను" అనే మాట ఎక్కువ నిలుస్తుందని దాని సారం. దీన్ని వాడడం చాలా సులువు, ఖర్చు లేదు.

మహిళా సంఘం సమావేశంలో ఒక్కొక్కరి చేత పూర్తి వాక్యం చెప్పించండి: "శుక్రవారం మైకులో పాట మొదలవగానే, చాయ్ పెట్టక ముందే, తొట్టి రుద్దుతాను." ఆ ఇంట్లో ప్రతి వారం తప్పక జరిగేదే గుర్తుగా ఉండాలి. గడియారం చూసి నడవని ఇంటికి "ఆరున్నరకు" అన్నది గుర్తు కాదు. నల్లా చప్పుడు, పాల కేంద్రానికి వెళ్లే వేళ, బడి బస్సు హారన్ మంచి గుర్తులు.

తర్వాత అడ్డును కూడా ముందే అనిపించండి: "నాటుకు పిలుపు వస్తే ఎలా?" "ముందు రోజు సాయంత్రమే కడుగుతాను." ఈ రెండో వాక్యం చాలా మంది వదిలేస్తారు, కానీ వ్యవసాయపు ఊళ్లలో పని నిలిచేది దీని మీదే.

## 8. వదంతులకు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో, చాయ్ హోటల్లో ఏం నడుస్తోందో రోజూ ఒకరు రాసుకోవాలి. ప్రతి వదంతికీ మైకు అందుకోవద్దు, వినని వాళ్లకు కూడా మీరే వినిపించినట్టవుతుంది. నలుగురైదుగురి నోట వచ్చినదానికే జవాబివ్వండి. ముందు నిజం, తర్వాత వదంతి ఒక్కసారే, మళ్లీ నిజం, ఈ వరుసలో.

బొప్పాయి ఆకు రసం ఉదాహరణ తీసుకోండి: "డెంగీలో ప్రాణం కాపాడేది ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, వేళకు దవాఖానకు చేరడం. ఆకు రసం తాగితే చాలు, దవాఖాన అక్కర్లేదని కొందరంటున్నారు. అది నమ్మి ఆలస్యం చేయకండి. వాంతులు ఆగకపోతే వెంటనే రండి." రసం తాగినవాళ్లను ఎగతాళి చేయకండి. తప్పు ఆలస్యంలో ఉంది.

మీకు తెలియనిది అడిగితే "రేపు వైద్యుడిని అడిగి చెబుతాను" అనండి, మరునాడు వెళ్లి తప్పకుండా చెప్పండి.

## 9. విరేచనాలు ప్రబలితే

అడుగులు ఇవే, పనులు మారతాయి. ముందుగా ఎంచుకోదగినవి రెండు: తాగే నీళ్లలో చెయ్యి ముంచకపోవడం, మొదటి నీళ్ల విరేచనానికే ఓఆర్ఎస్ మొదలుపెట్టడం.

మన దగ్గర ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. క్యాన్ నీళ్లు కదా అన్న ధీమా ఉంటుంది. ఆ నీళ్లను బిందెలో పోసి, చెంబు చేత్తో సహా ముంచితే ధీమా వృథా. కుళాయి ఉన్న క్యానో, పొడుగు కాడ గరిటో వాడేలా చేయడం ఇక్కడి పని. అడ్డు వీలుకు సంబంధించినది కాబట్టి, ఉపన్యాసం కంటే గరిట పనిచేస్తుంది.

నల్లా నీళ్లలో మందు వాసన వస్తోందని మానేసేవాళ్లతో వాదించకండి. ఆ వాసన క్రిములను చంపే క్లోరిన్ నీళ్లలో ఉందనడానికి గుర్తని చెప్పి, పట్టిన నీళ్లను మూత పెట్టి అరగంట ఉంచి తాగమనండి. నల్లా చివర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ లీటరుకు మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ఆ పరీక్షను వీధిలో అందరి ముందు చేయించండి. రంగు మారడం కళ్లారా చూస్తే సగం అనుమానం తీరుతుంది.

ఓఆర్ఎస్ పొట్లాన్ని గ్లాసులో సగం సగం కలపడం చాలా చోట్ల జరిగే తప్పు. పెద్ద పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. లీటరు కొలతకు ఆ ఇంట్లో ఉన్న నీళ్ల సీసానే చూపించండి. పిల్లలకు జింకు మాత్రలు విరేచనం ఆగినా 14 రోజులు వేయాలి. మూడో రోజే ఆపేస్తారు కాబట్టి, మాత్రల అట్ట మీద తేదీలు రాసి ఇవ్వండి. తల్లిపాలు, తిండి ఆపకూడదన్న మాట అమ్మమ్మ చెవిలో పడేలా చెప్పండి, తల్లి ఒక్కదానికే చెబితే చాలదు.

## 10. ఏం కొలవాలి

ఎన్ని సమావేశాలు పెట్టారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్నవి మీ పని లెక్కలే. ఊరు మారిందో లేదో వాటితో తెలియదు. లార్వాలు ఉన్న ఇళ్ల సంఖ్యను, మీరు చూసిన మొత్తం ఇళ్ల సంఖ్యతో భాగించి వందతో గుణించండి. యాభై ఇళ్లలో పన్నెండింటిలో ఉంటే 24. ప్రతి శనివారం, అంటే డ్రై డే మరునాడు, ఇదే లెక్క వేయండి. ప్రతిసారీ అవే ఇళ్లకు వెళితే ఆ ఇళ్లు మీ కోసమే కడుగుతాయి. అందుకని సగం పాతవి, సగం కొత్తవి తీసుకోండి.

రెండు వారాల తర్వాత కూడా అంకె కదలకపోతే మైకు చప్పుడు పెంచకండి. మూడో అడుగుకు తిరిగి వెళ్లి, కడగని ఇళ్ల జవాబులు మాత్రమే మళ్లీ చదవండి. అడ్డును తప్పుగా గుర్తించి ఉంటారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఫాగింగ్‌తో మొదలుపెట్టడం. పొగ ఎగిరే దోమలను చంపుతుంది, తొట్టిలోని లార్వాలను తాకదు. పైగా "పంచాయతీ చూసుకుంటోంది" అన్న నిశ్చింతను ఇస్తుంది. ఫాగింగ్ తప్పనిసరైతే, అదే ఉదయం తొట్లు కడిగించి సాయంత్రం పొగ వేయించండి.

జరిమానా బెదిరింపు. నీళ్లు రాని వారంలో జరిమానా అంటే గొడవే. నిర్లక్ష్యంగా వదిలేసిన నిర్మాణ స్థలాలకు, దుకాణాల వెనక టైర్లకు అది సరే. కూలి ఇంటికి వద్దు.

సభలో చేతులెత్తించడం. "ఎంతమంది కడుగుతారు?" అంటే అందరూ ఎత్తుతారు. ఆ చేతులను లెక్కలోకి తీసుకోకండి, తొట్టి మీది తేదీ చూడండి.

ఆడవాళ్లకే చెప్పడం. సంపు మూత సిమెంటుది, ఇద్దరు మగవాళ్లు లేపాలి. ఆ పని ఎవరిదో వాళ్లకే చెప్పండి, రచ్చబండ దగ్గరో క్రికెట్ ఆడే చోటో.

కేసులు తగ్గగానే ఆపేయడం. ఎండిన గుడ్లు వేసవంతా తొట్టి గోడల మీద ఉంటాయి.

## 12. పద్నాలుగు రోజుల పట్టిక

☐ 1, 2 రోజులు: యాభై ఇళ్ల పరిశీలన, జవాబుల నోటుబుక్కు, మొదటి లార్వా లెక్క
☐ 3వ రోజు: జవాబుల విభజన, రెండు ప్రధాన అడ్డుల ఎంపిక, పని వాక్యం రాయడం
☐ 4, 5 రోజులు: నీటి వేళ, ట్రాక్టరు పూట ఖాయం, ఆర్‌ఎంపీతో, మందుల షాపుతో మాట
☐ 6వ రోజు: సందేశాన్ని ఐదుగురికి వినిపించి, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమనడం, అర్థం కాని పదాలు తీసేయడం
☐ 7వ రోజు: వాడవాడలా తొట్టి ప్రదర్శన, "అప్పుడు, ఇలా" వాక్యాలు
☐ 8వ రోజు, శుక్రవారం పడేలా: మొదటి డ్రై డే, సుద్ద తేదీలు
☐ 9వ రోజు: రెండో లెక్క, మైకులో వార్డుల ఫలితం
☐ 10 నుంచి 13: కడగని ఇళ్లకు మాత్రమే మళ్లీ వెళ్లడం, చేతకానివాళ్లకు సాయం
☐ 14వ రోజు: నోటుబుక్కుతో కూర్చోవడం, మరునాటి డ్రై డేకి మార్పులు

మొదటి రోజు ఏ వారమో చూసి మొదలుపెట్టండి. శుక్రవారం మొదలుపెడితే ఎనిమిదో రోజు మళ్లీ శుక్రవారమే వస్తుంది. పత్తి ఏరుడు ముమ్మరంగా ఉన్న వారమైతే ప్రదర్శనను రాత్రి ఏడు తర్వాతకు జరపండి, వీధి దీపం కింద ఉన్న తొట్టినే ఎంచుకోండి.